సైన్యంలో పనిచేసిన నాన్న పేరు మీద పిల్లల కాలేజీ చదువుకు సాయం: పీపీఓ నుంచి మొదలుపెట్టండి

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే అల్వాల్, యాప్రాల్, మల్కాజ్‌గిరి, సైనిక్‌పురి వైపు ఇళ్లలో రెండే ప్రశ్నలు నడుస్తాయి: సీటు ఎక్కడొస్తుంది, ఫీజు ఎంత. ఆ ఇంటాయన సైన్యంలో ఉండి చనిపోయినా, గాయంతోనో జబ్బుతోనో మధ్యలో ఇంటికి వచ్చేసినా, రెండో ప్రశ్నకు జవాబు కొంచెం తేలిగ్గా దొరకాలి. పథకాలు ఉన్నాయి, డబ్బూ ఉంది. కానీ చాలామంది పక్కింటివాళ్లకు ఏది వచ్చిందో చూసి దానికే దరఖాస్తు పెడతారు. అది తిరిగొచ్చేసరికి అసలు తమకు రావాల్సిన దాని గడువు దాటిపోతుంది.

నేను సర్వీసులో క్లర్కుగా చేశాను. ఇప్పుడు కాలనీలో ఎవరైనా కాగితాల సంచి పట్టుకుని వస్తే ఈ ఫారాలు నింపి పెడుతుంటాను. ఎవరొచ్చినా నేను ముందు అడిగేది ఒక్కటే: పీపీఓ తెచ్చారా? ఏ పథకం మీకు వస్తుందో, ఏది రాదో తొంభై పాళ్లు ఆ కాగితమే చెప్పేస్తుంది.

మొదటి పని: పీపీఓ చదవండి

పీపీఓ అంటే పెన్షన్ పేమెంట్ ఆర్డర్. బీరువాలో ఎక్కడో ప్లాస్టిక్ కవర్లో ఉంటుంది. కనపడకపోతే రక్షణ శాఖ పెన్షన్ల వెబ్‌సైటు స్పర్శ్‌లో లాగిన్ అయి దించుకోవచ్చు. మొత్తం అర్థం కాకపోయినా ఫరవాలేదు, పెన్షన్ రకం రాసిన చోటు వెతకండి.

ఆయన లేకపోతే అక్కడ మూడు మాటల్లో ఒకటి ఉంటుంది. 'లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షన్' అని ఉంటే యుద్ధంలోనో, సరిహద్దులోనో, ఉగ్రవాదులతో పోరులోనో, అలాంటి ఆపరేషన్‌లో పోయినట్టు ప్రభుత్వం ఒప్పుకుంది. ప్రకటించిన యుద్ధమే కానక్కర్లేదు. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు పోయారు కదా, అప్పుడు యుద్ధం ఏదీ ప్రకటించలేదు. 'స్పెషల్ ఫ్యామిలీ పెన్షన్' అని ఉంటే పోరులో కాకపోయినా సైనిక సర్వీసు వల్లే ప్రాణం పోయిందని తేలింది. 'ఆర్డినరీ ఫ్యామిలీ పెన్షన్' అని ఉంటే సర్వీసుతో ఆ మరణానికి సంబంధం లేదని, లేదా రిటైరై వచ్చాక మామూలుగా పోయారని. మాట దొరక్కపోతే అంకె చూడండి. లిబరలైజ్డ్‌లో ఆయన చివరి జీతమంతా వస్తుంది, స్పెషల్‌లో 60 శాతం, ఆర్డినరీలో మొదటి కొన్నేళ్లు ఎక్కువ రేటు, తర్వాత 30 శాతం.

ఆయన ఉండి, అంగవైకల్యంతో వచ్చి ఉంటే 'వార్ ఇంజురీ' అన్న మాట ఉందా, లేక 'డిజెబిలిటీ ఎలిమెంట్' అని మాత్రమే ఉందా చూడండి. మొదటిది పోరులో తగిలిన గాయం. రెండోది సర్వీసు వల్ల వచ్చిన వైకల్యం. వెంటనే డిశ్చార్జి బుక్కు కూడా తీయండి. అందులో డిశ్చార్జికి కారణం రాసి ఉంటుంది. వైకల్యం వల్లే మధ్యలో బయటికి పంపేస్తే, అంటే బోర్డ్ అవుట్ చేస్తే, ఒక లెక్క. కాలం పూర్తి చేసుకుని రిటైరవుతూ మెడికల్ బోర్డులో శాతం రాయించుకుని డిజెబిలిటీ ఎలిమెంట్ తెచ్చుకుంటే ఇంకో లెక్క. ఇద్దరూ డిజెబిలిటీ పెన్షనర్లే, కానీ సీట్ల వరుసలో ఒకరు పైన ఉంటారు, ఇంకొకరు చాలా కిందికి పోతారు. 'మా ఆయనకి కూడా డిజెబిలిటీ ఉందండీ' అని పై కేటగిరీ టిక్కు పెట్టిన ఫారాలు ఎక్కువగా తిరిగొచ్చేది ఇక్కడే.

ఈ మాటల్ని మాజీ సైనికుల సంక్షేమం చూసే కేంద్ర సంస్థ కేంద్రీయ సైనిక్ బోర్డు, అందరూ కేఎస్‌బీ అంటారు, వరుస సంఖ్యలుగా మార్చుకుంది. పోరులో పోయినవారి పిల్లలు 1. పోరులో వికలాంగులై బోర్డ్ అవుట్ అయినవారి పిల్లలు 2. సర్వీసులో ఉండగా సర్వీసు కారణంగా పోయినవారి పిల్లలు 3. సర్వీసు కారణంగా వికలాంగులై బోర్డ్ అవుట్ అయినవారి పిల్లలు 4. శౌర్య పతకాలు పొందినవారి పిల్లలు 5. మిగతా మాజీ సైనికుల పిల్లలు 6. మీ సంఖ్య ఎంతో ఇప్పుడే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఇక మీదట ప్రతిచోటా ఇదే అడుగుతారు.

ఆర్డినరీ అని రాశారు కానీ అది తప్పు, డ్యూటీ వల్లే పోయారు అని మీకు గట్టి నమ్మకం ఉంటే అప్పీలు చేసుకోవచ్చు. అక్కడ కాకపోతే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ ఉంది, మనకి చెన్నై బెంచి వస్తుంది. వెళ్లండి, కానీ అది ఏళ్ల తరబడి నడిచే వ్యవహారం. పిల్లవాడి కాలేజీ దానికోసం ఆగదు కాబట్టి ఇవాళ పీపీఓలో ఏముందో దాని ప్రకారమే ఫారం నింపండి. రేపు ఆర్డరు మారితే అప్పుడు కొత్త కేటగిరీ అడగొచ్చు.

రెండో పని: పేర్లు కలుస్తున్నాయా చూసుకోండి

విసుగు పుట్టించే పని ఇదే, దీన్ని దాటేసినవాళ్లే ఎక్కువగా ఇరుక్కుంటారు. పిల్ల పేరు నాలుగు చోట్ల ఉంటుంది: నాన్న సర్వీసు రికార్డులో, పదో తరగతి మెమోలో, ఆధార్‌లో, బ్యాంకు పాస్‌బుక్కులో. ఈ నాలుగూ బల్ల మీద పక్కపక్కన పెట్టి ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే వేలు పెట్టి చదవండి.

మన పేర్లతో వచ్చే తంటా వేరే ఎవరికీ రాదేమో. సర్వీసు రికార్డులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, మెమోలో పొడి అక్షరం ఒక్కటే ఉంటుంది. ఆధార్‌లో ఇంటిపేరు చివరికి పోయి కూర్చుంటుంది. శ్రావణి అన్న పేరు ఒకచోట 'ఎస్ హెచ్'తో మొదలవుతుంది, ఇంకోచోట వట్టి 'ఎస్'తో. లక్ష్మికి ఒకచోట 'ఎక్స్', ఇంకోచోట 'కె ఎస్ హెచ్'. తెలుగులో రాస్తే అన్నీ ఒక్కటే, కంప్యూటరుకి మాత్రం నలుగురు వేర్వేరు పిల్లలు. పుట్టిన తేదీ కూడా చూడండి. బళ్లో వేసేటప్పుడు జూన్ అని రాయించిన తేదీ, యూనిట్‌లో పార్ట్ టూ ఆర్డరులో ఎక్కిన తేదీ ఒకటి కాకపోవడం మామూలే.

పార్ట్ టూ ఆర్డరు అంటే ఆయన సర్వీసులో ఉండగా పెళ్లి, పిల్లల పుట్టుక రికార్డులో ఎక్కించిన కాగితం. బిడ్డ పేరు అందులో అసలు ఎక్కకపోతే, లేదా తప్పుగా ఎక్కితే, సరిచేసేది ఆయన రికార్డ్ ఆఫీసు. ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజినీర్ల విభాగం), ఏఓసీ (ఆర్మీ ఆర్డినెన్స్ కోర్) వాళ్ల రికార్డ్ ఆఫీసులు మన సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి. ఆర్టిలరీ అయితే నాసిక్ రోడ్, మద్రాస్ రెజిమెంట్ అయితే వెల్లింగ్టన్, సిగ్నల్స్ అయితే జబల్‌పూర్. ఎయిర్‌ఫోర్స్‌కి ఢిల్లీ సుబ్రతో పార్కు, నేవీ సెయిలర్లకి ముంబై. దూరం ఉన్నవాటికి పోస్టులో పంపేటప్పుడు ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు ప్రతి పేజీ పైన రాయండి. కవరులోంచి కాగితాలు విడిపోయినా ఎవరివో తెలుస్తుంది.

చిన్న తేడాలకు, అంటే ఒక అక్షరమో ఇంటిపేరు ముందు వెనకలో అయితే, రెండు పేర్లూ ఒకరివే అని నోటరీ అఫిడవిట్ చాలాచోట్ల నడుస్తుంది. పుట్టిన తేదీ తేడాకి మాత్రం అఫిడవిట్‌ని నమ్ముకోకండి, రికార్డు మార్పించండి. నా సలహా అడిగితే, బిడ్డ ఇంటర్ మొదటి ఏడాదిలో ఉండగానే ఈ పని పూర్తి చేసుకోండి. మార్పు కాగితం రావడానికి నెలలు పడుతుంది, కౌన్సెలింగ్ తేదీలు మాత్రం వారం పదిరోజుల్లో అయిపోతాయి.

మూడో పని: సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు

కేఎస్‌బీ ఉండేది ఢిల్లీలో. మన కాగితాలు చూసి సంతకం పెట్టేది మాత్రం జిల్లా స్థాయిలో ఉన్న సైనిక సంక్షేమ కార్యాలయం. రాష్ట్ర డైరెక్టరేట్ సోమాజిగూడలో ఉంది. ఆయన మాజీ సైనికుడిగా, లేదా మీరు వితంతువుగా అక్కడ నమోదై, గుర్తింపు కార్డు ఉంటేనే తర్వాతి అడుగు పడుతుంది. పిల్లలకు డిపెండెంట్ కార్డు కూడా చేయించండి.

హైదరాబాద్‌లో చాలామందికి ఒక చిక్కు ఉంటుంది. ఆయన శ్రీకాకుళం నుంచో ప్రకాశం నుంచో చేరి, రిటైరయ్యాక నమోదు అక్కడే చేయించుకుని, కాపురం మాత్రం కూకట్‌పల్లిలో పెట్టారనుకోండి. ఆన్‌లైన్ ఫారం మీరు ఎక్కడినుంచి నింపినా అది నమోదున్న జిల్లా ఆఫీసుకే పోతుంది. ఒరిజినల్స్ చూపించమంటే రైలెక్కాలి. ఇక్కడే ఉండిపోతామని అనుకుంటే నమోదును ఇక్కడికి మార్పించుకోండి. కానీ దరఖాస్తు సగంలో ఉండగా మాత్రం మార్చకండి, ఫైలు రెండు ఆఫీసుల మధ్య పడి ఎవరిదీ కాకుండా పోతుంది.

ఆఫీసుకి వెళ్లేటప్పుడు ఒరిజినల్స్ వేరే, జిరాక్స్ సెట్లు వేరే. పొద్దున్నే వెళ్లండి. వీలైతే బిడ్డని కూడా తీసుకెళ్లండి. ఆ ఫోన్లో వచ్చే ఓటీపీలు ఆ పిల్లకే వస్తాయి మరి.

నాలుగో పని: సీటు దగ్గరే ఉపయోగించుకోండి

సాయం అంటే స్కాలర్‌షిప్పే అనుకుంటారు. అన్నిటికన్నా పెద్ద సాయం సీటు రూపంలో ఉంది. తెలంగాణ ఎప్‌సెట్ ఇంజినీరింగ్ సీట్లలో సైనికుల పిల్లలకు క్యాప్ కోటా కింద 2 శాతం ఉన్నాయి. ఇది కన్వీనర్ సీటు. అదే కాలేజీలో మేనేజ్‌మెంట్ సీటు కొంటే నాలుగేళ్లకు ఎంత తేడా వస్తుందో లెక్క వేయండి. ఏ స్కాలర్‌షిప్పూ ఆ తేడాని పూడ్చలేదు.

క్యాప్ వరుసలో ముందు మీ సంఖ్య చూస్తారు, తర్వాతే ర్యాంకు. 1, 2, 3 సంఖ్యల్లో ఉన్న పిల్లలు ర్యాంకు పెద్దదని దిగులుపడి ఊరుకోకండి, తప్పకుండా దిగండి. 6వ సంఖ్యలో పోటీ ఎక్కువ, అక్కడ ర్యాంకు మీదే నడుస్తుంది.

ఎప్‌సెట్ దరఖాస్తులోనే క్యాప్ అని పెట్టాలి. తర్వాత కౌన్సెలింగ్‌లో స్పెషల్ కేటగిరీ వెరిఫికేషన్‌కి మామూలు హెల్ప్‌లైన్ సెంటర్లన్నీ పనికిరావు. ఏటా నోటిఫికేషన్లో చెబుతారు, సాధారణంగా అది మాసబ్‌ట్యాంక్ ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో జరుగుతుంది. సైనిక సంక్షేమ శాఖ అధికారి అక్కడే కూర్చుని పీపీఓ, డిశ్చార్జి బుక్కు, గుర్తింపు కార్డు చూసి మీ వరుస సంఖ్య ఖాయం చేస్తారు. ఆ రోజు తప్పితే క్యాప్ పోయినట్టే, ఓపెన్‌లో చూసుకోవాల్సిందే.

నాన్న పోస్టింగుల వల్ల పిల్లలు జోధ్‌పూర్‌లో ఒక ఏడాది, జలంధర్‌లో ఒక ఏడాది చదివి ఉంటే లోకల్ స్థానికత ప్రశ్న వస్తుంది. ప్రతి బడి నుంచి స్టడీ సర్టిఫికెట్, ఆయన ఆ ఊళ్లో పోస్టింగులో ఉన్నట్టు రుజువు, ఇంటి చిరునామా ఆధారాలు ఒక ఫైలులో పెట్టుకోండి.

ఎంబీబీఎస్ అయితే రెండు దారులు. ఒకటి, నీట్ ర్యాంకుతో కాళోజీ హెల్త్ యూనివర్సిటీ కౌన్సెలింగ్‌లో క్యాప్. రెండోది, కేంద్రం చేతిలో ఉన్న సీట్లలో రక్షణ శాఖ వాటా, కేఎస్‌బీ ద్వారా. ఆ సీట్లు చేతివేళ్ల మీద లెక్కపెట్టేన్ని. ఇవి ముందు వరుసల్లో ఉన్నవాళ్లకే దక్కుతాయనుకోండి. దంతవైద్యం మీద ఆసక్తి ఉంటే ఆర్మీ వాళ్లే నడిపే ఆర్మీ డెంటల్ కాలేజీ మన సికింద్రాబాద్‌లోనే ఉంది, అది ఆర్మీ కుటుంబాల పిల్లల కోసం పెట్టినది.

ఐదో పని: డబ్బు ఏ తలుపు దగ్గర అడగాలి

ఇక్కడ మూడు తలుపులున్నాయి. మూడింటి దగ్గరా నిలబడాల్సిన పని లేదు.

మొదటిది, చాలామందికి తెలియనిది, రక్షణ శాఖ విద్యా రాయితీ. పోరులో మరణించిన, ఆచూకీ తెలియకుండా పోయిన, శాశ్వతంగా వికలాంగులైన సైనికుల పిల్లలకు మాత్రమే. 1971 యుద్ధం తర్వాత మొదలైంది. మొదటి డిగ్రీ దాకా ట్యూషన్ ఫీజు, హాస్టల్ ఖర్చు తిరిగి ఇస్తారు, పుస్తకాలకు, యూనిఫారానికి కూడా కొంత వస్తుంది. కాలేజీ ప్రభుత్వ గుర్తింపు ఉన్నదై ఉండాలి. 2017 జూలై నుంచి ట్యూషన్, హాస్టల్ కలిపి నెలకు 10,000 దాటకూడదని పరిమితి పెట్టారు. దాని మీద గొడవ అయింది, 2018 మార్చిలో తీసేశారు. ఇప్పటికీ పాత కాగితం పట్టుకుని '10,000 కన్నా ఎక్కువ రాదు' అనేవాళ్లు తగులుతారు. పరిమితి తీసేసిన ఉత్తర్వు ఉందని మెల్లగా గుర్తు చేయండి.

ఈ రాయితీ కేఎస్‌బీ నుంచి రాదు. జవాన్లు, జేసీఓల (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లు, అంటే జవాన్లకు పైన, ఆఫీసర్లకు కింద ఉండేవాళ్లు) కుటుంబాలు రికార్డ్ ఆఫీసు ద్వారా పెట్టుకోవాలి. అడిగేది కట్టిన ఫీజు రసీదులు. అందుకే కాలేజీ ఆఫీసులో రసీదు ఇచ్చేటప్పుడు ట్యూషన్ ఎంత, హాస్టల్ ఎంత, మెస్ ఎంత అని విడివిడిగా రాయించండి. అన్నీ కలిపి ఒకే అంకె వేసిన రసీదు పంపితే తిరిగొస్తుంది. మీ సంఖ్య 1 లేదా 2 అయితే ముందు ఈ తలుపు తట్టండి, మిగతావి తర్వాత. దీని ముందు అవి చిన్నవి.

రెండోది ప్రధానమంత్రి స్కాలర్‌షిప్, పీఎంఎస్‌ఎస్. 2006-07 నుంచి ఉంది. ఆడపిల్లలకు నెలకు 3,000, మగపిల్లలకు 2,500. ఏడాదికి ఒకేసారి వేస్తారు కాబట్టి 36,000, 30,000 అనుకోండి. దేశం మొత్తానికి ఏటా 5,500 మందికి ఇస్తారు, సగం ఆడపిల్లలకి, సగం మగపిల్లలకి. పైన చెప్పిన వరుసే ఇక్కడా. 1 నుంచి 5 దాకా ఉన్నవాళ్లు అయ్యాక మిగిలినవి 6వ సంఖ్య పిల్లలకు మార్కుల వరుసలో పోతాయి. ఆ 6వ సంఖ్యలో ఆఫీసర్ల పిల్లలకు చోటు లేదు, జేసీఓలు, జవాన్ల పిల్లలకే.

దీనికి మూడు షరతులు ముఖ్యం. ఇంటర్‌లో 60 శాతం ఉండాలి, అంటే మన తెలంగాణ ఇంటర్ ఎంపీసీలో 1000కి 600. కోర్సు వృత్తి విద్య అయి ఉండాలి: బీటెక్, ఎంబీబీఎస్, బీడీఎస్, బీఫార్మసీ, బీఈడీ, బీబీఏ, బీసీఏ, ఎంబీఏ, ఎంసీఏ లాంటివి. దోస్త్‌లో, అంటే డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లలో, చేరే మామూలు బీకాం, బీఏకి ఇది రాదు. దూరవిద్యకి రాదు, విదేశాల్లో చదివేదానికి రాదు. మూడోది, మొదటి ఏడాదిలో ఉన్నప్పుడే పెట్టాలి. డిప్లొమా చేసి నేరుగా రెండో ఏడాదిలో చేరినవాళ్లకి వేరే లెక్క ఉంది. మిగతావాళ్లు 'వచ్చే ఏడు చూద్దాంలే' అంటే ఆ అవకాశం పోయినట్టే. ఇంట్లో భర్తను పోగొట్టుకున్నామె తానే చదువుకోవాలనుకుంటే, ఆమె కూడా దీనికి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

మూడోది రక్షా మంత్రి మాజీ సైనికుల సంక్షేమ నిధి నుంచి వచ్చే విద్యా సాయం. డిసెంబర్ 7న సాయుధ దళాల జెండా రోజు అని చిన్న స్టిక్కరు అంటించి పది రూపాయలు తీసుకుంటారు చూడండి, ఆ నిధిలో భాగమే ఇది. హవల్దార్, ఆ కింది ర్యాంకుల కుటుంబాలకే. ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాకా, ఇద్దరు పిల్లల వరకు. చాలా ఏళ్లు నెలకు 1,000 ఉండేది. 2025 నవంబర్ 1 నుంచి పెట్టిన దరఖాస్తులకు 2,000 చేశారు. భర్త పోయినావిడ రెండేళ్ల పీజీ చేస్తుంటే ఆమెకీ ఇదే రేటు. పాసైన క్లాసుకి తర్వాత ఇచ్చే డబ్బు ఇది. సెమిస్టర్ ఫీజు దీంతో కడదామని లెక్క వేసుకుంటే ఇబ్బంది పడతారు.

కాబట్టి బీకాం, బీఎస్సీలో చేరిన నాయక్ ర్యాంకు జవాను గారి అమ్మాయికి మూడో తలుపు. బీటెక్‌లో చేరితే రెండోది. ఒక మాట మాత్రం జాగ్రత్త. సంక్షేమ నిధి ఫారంలో రాష్ట్ర ప్రభుత్వం నుంచి గానీ, నాన్న రెండో ఉద్యోగం చేసేచోట నుంచి గానీ చదువు సాయం తీసుకోవడం లేదని మీ చేత రాయించుకుంటారు. ఈపాస్, అంటే రాష్ట్ర ఫీజు రీయింబర్స్‌మెంట్, తీసుకుంటూ ఆ ఫారం మీద సంతకం పెడితే అది అబద్ధపు డిక్లరేషన్ అవుతుంది. ఏది ఎక్కువ వస్తుందో చూసుకుని ఒకటి ఎంచుకోండి, లేదా సంతకానికి ముందే సంక్షేమ కార్యాలయంలో అడగండి.

ఈపాస్ మాట వచ్చింది కాబట్టి: తెలంగాణ ఫీజు రీయింబర్స్‌మెంట్ మాజీ సైనికుల పిల్లలకని ప్రత్యేకంగా లేదు, కులం, ఆదాయం బట్టే. పట్నంలో ఉండే కుటుంబానికి ఆదాయ పరిమితి ఏడాదికి 2 లక్షలు. మీ సేవలో ఆదాయ సర్టిఫికెట్ తీసేటప్పుడు పెన్షన్ కూడా ఆదాయమేనని మరవద్దు. ఆర్డినరీ ఫ్యామిలీ పెన్షన్ మీద బతికే చాలా ఇళ్లు ఆ పరిమితిలోపే ఉంటాయి, ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీ అయితే వాళ్లకి ఈపాసే పెద్ద మొత్తం కావచ్చు.

సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ వాళ్లకు

మీ నాన్న కేంద్ర పోలీసు బలగాల్లో చేసి ఉంటే కేఎస్‌బీ దగ్గరికి పోయి సమయం పోగొట్టుకోకండి. మీకు హోం శాఖ కింద వేరే ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ ఉంది, రేట్లు అవే. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్లో పెట్టాలి, మీ బలగం ఆఫీసు పరిశీలిస్తుంది. 2019లో దీన్ని ఉగ్రవాద, నక్సల్ దాడుల్లో చనిపోయిన రాష్ట్ర పోలీసుల పిల్లలకు కూడా వర్తింపజేశారు, ఏటా 500 మందికి. మన గ్రేహౌండ్స్ కుటుంబాల్లో ఇది తెలియనివాళ్లు ఇంకా ఉన్నారు. ఇంజినీరింగ్ క్యాప్ కోటాలో మాత్రం సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ పిల్లలూ వస్తారు.

ఆరో పని: ఫారం పెట్టి దాని వెంట పడటం

పీఎంఎస్‌ఎస్, సంక్షేమ నిధి రెండూ కేఎస్‌బీ వెబ్‌సైట్లోనే. రిజిస్టరు చేసేటప్పుడు ఇచ్చే ఫోన్ నంబరు, మెయిల్ ఐడీ బిడ్డవే ఇవ్వండి. నెట్ సెంటరువాడి మెయిల్ పెట్టి, మూడేళ్ల తర్వాత రెన్యువల్‌కి ఆ పాస్‌వర్డ్ కోసం ఆ షాపు ఎక్కడికి మారిందా అని వెతుకుతున్నవాళ్లు మా దగ్గరే ఉన్నారు. టైపు చేయించుకోవడానికి వాడికి యాభై, వంద ఇవ్వండి, తప్పులేదు. 'మంజూరు చేయిస్తాను' అనేవాడికి పైసా ఇవ్వకండి. స్పర్శ్ పాస్‌వర్డ్ అసలే ఇవ్వకండి.

స్కాన్ ఒరిజినల్స్‌వే, రంగుల్లో చేయండి. జిరాక్సుని స్కాన్ చేసి పెడితే వెనక్కి పంపుతారు. కాలేజీ నుంచి బోనఫైడ్ కేఎస్‌బీ ఇచ్చిన నమూనాలోనే కావాలి. కాలేజీ గుమస్తా తన అలవాటైన నాలుగు లైన్ల బోనఫైడ్ చేతిలో పెడతాడు, అది చెల్లదు. నమూనా ప్రింటు తీసుకెళ్లి దాని మీదే ప్రిన్సిపాల్ సంతకం, ముద్ర వేయించుకోండి.

బ్యాంకు ఖాతా విద్యార్థి పేరు మీదే ఉండాలి, ఆధార్ సీడింగ్ అయి ఉండాలి. ఆధార్ లింకు అయినంత మాత్రాన సీడింగ్ అయినట్టు కాదు. ప్రభుత్వం వేసే డబ్బు ఈ ఖాతాలోకే రావాలని బ్యాంకులో విడిగా నమోదు చేయాలి. చిన్నప్పుడు బళ్లో తీసిన జీరో బ్యాలెన్స్ ఖాతా అయితే ముందు అది బతికే ఉందో లేదో వంద రూపాయలు వేసి చూడండి.

సబ్మిట్ కొట్టాక పని అయిపోలేదు. ఒరిజినల్స్ పట్టుకుని సంక్షేమ కార్యాలయానికి వెళ్లి చూపించాలి. అక్కడ సరే అంటేనే ఫైలు రాష్ట్ర స్థాయికి, అక్కడినుంచి ఢిల్లీకి కదులుతుంది. రెండు వారాలకోసారి లాగిన్ అయి ఎక్కడుందో చూడండి. ఏదైనా తప్పుందని వెనక్కి పంపితే స్క్రీను మీద రాస్తారు తప్ప ఇంటికి ఉత్తరం రాదు. సరిచేసి మళ్లీ పంపడానికి గడువు ఉంటుంది, అది దాటితే ఆ ఏడాదికి అంతే. గడువు తేదీలు ఏటా మారతాయి, పోయినేడు పక్కింటివాళ్లు చెప్పిన తేదీని నమ్మకండి.

పీఎంఎస్‌ఎస్ ఒకసారి వస్తే కోర్సు అయ్యేదాకా దానంతటదే రాదు. ప్రతి ఏడాదీ రెన్యువల్ పెట్టాలి, కనీసం 50 శాతం మార్కులతో పాసై ఉండాలి. మన యూనివర్సిటీలు సీజీపీఏలో ఇస్తాయి కాబట్టి దాన్ని శాతంగా మార్చి కాలేజీ సంతకం పెట్టిన కాగితం జత చేయండి. ఫలితాలు ఆలస్యమై గడువు ముంచుకొస్తుంటే పరీక్షల విభాగం నుంచి తాత్కాలిక మెమో అడగండి, లేదా కాలేజీ చేత ఫలితాలు ఎప్పుడొస్తాయో రాయించుకుని సంక్షేమ కార్యాలయంలో ముందే చెప్పి పెట్టండి.